పడిశం పది సలహాల పెట్టు

పడిశం పది రోగాల పెట్టు అన్నారు పెద్దలు. రోగాల సంగతి ఎలా ఉన్నా, చంటిపిల్లాడికి పడిశం పట్టిన ఇంట్లో సలహాలు మాత్రం పదికి తగ్గవని 2025 డిసెంబరులో నాకు అనుభవం మీద తెలిసొచ్చింది.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఆఫీసువాళ్ళు ఆరు రోజుల ట్రైనింగని పూనా పంపిస్తున్నారంటూ, పదినెలల మనవణ్ణి రాజమండ్రి తీసుకొచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. "నువ్వుండగా నాకేం బెంగమ్మా?" అంది. అన్నదేగాని, ఆ బెంగంతా నాలుగు కాగితాల మీద రాసి, ఫ్రిజ్ తలుపుకి అంటించి మరీ గౌతమి ఎక్కింది. ఏ వేళకి పాలు, ఎన్ని చెంచాల పొడి, ఏ బొమ్మ ఇస్తే ఏడుపు మానతాడు, ఏ పాట పాడితే ఏడుపు మొదలెడతాడు, అన్నీ ఉన్నాయి అందులో. జలుబు చేస్తే ఏం చెయ్యాలో మాత్రం లేదు.

నేనూ ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్నే. పిల్లల్ని పెంచడం ఈతలాంటిది, ఒకసారి వచ్చిందంటే మరి మరిచిపోం అని ధీమాగా ఉండేదాన్ని. ఇరవయ్యేళ్ళ తర్వాత మళ్ళీ నీళ్ళలోకి దిగాక తెలిసింది, కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయిగాని ఊపిరి ఆడటంలేదని.

సోమవారం పొద్దున్న వాడు తుమ్మాడు.

"చిరంజీవ!" అంది మా అమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. రెండో తుమ్ముకి మావారు పేపరు దించి చూశారు. మూడో తుమ్ముకి వాడి ముక్కులోంచి చీమిడి బుడగలా వచ్చి పగిలింది. అదేదో ఘనకార్యం చేసినట్టు వాడు మా ముగ్గురి వంకా చూసి నవ్వాడు. మేం ముగ్గురం నవ్వలేదు.

జలుబు అనండి, పడిశం అనండి, మా గోదావరి జిల్లాల వాళ్ళలాగా రొంప అనండి. పెద్దవాళ్ళకి వస్తే అది చిరాకు. ముక్కు దిబ్బడేస్తే నోరు తెరుచుకుని గాలి పీల్చుకుంటాం, నాలుగు మిరియాలు వేసుకుని చారు కాచుకుంటాం, ఇంట్లో అందరినీ విసుక్కుని పడుకుంటాం. పసివాడి సంగతి అలా కాదు. వాడికి చీదడం రాదు. ఊపిరి ఎక్కువగా ముక్కుతోనే తీస్తాడు. పాలపీక నోట్లో ఉన్నంతసేపూ వాడికి ముక్కే దిక్కు. ఆ ముక్కు కాస్తా మూసుకుపోతే రెండు గుక్కలు తాగి, పీక వదిలేసి, 'నా పాలు నన్ను తాగనివ్వరేం?' అన్నట్టు మన మొహంలోకి చూసి బావురుమంటాడు. ఏడిస్తే చీమిడి ఇంకా కారుతుంది. కారితే ఊపిరి ఇంకా ఆడదు. ఊపిరి ఆడకపోతే ఇంకా ఏడుస్తాడు. సోమవారం మధ్యాహ్నమంతా మా ఇంట్లో జరిగింది ఇదే.

సాయంత్రానికి సంగతి వీధంతా పాకిపోయింది. మా వీధిలో పంచదార అప్పడిగితే లేదనేవాళ్ళు ఉన్నారేమోగాని, అడక్కుండా సలహా ఇవ్వనివాళ్ళు లేరు.

ఎదురింటి పిన్నిగారు వచ్చి, వామూ వెల్లుల్లీ నూనెలో కాచి ఛాతీకి రాయమన్నారు. పనిలోపని ముక్కులో కూడా చెరో చుక్కా వెయ్యమన్నారు. పక్కింటి కోడలు కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పట్టుకొచ్చింది. పై వాటాలో మామ్మగారు ఉగ్గుగిన్నె నిండా తేనె, తులసి రసం పంపించారు. పాలబ్బాయి గుమ్మంలో నిలబడి, "రాత్రిపూట అరటిపండేమన్నా పెట్టేరేటండీ?" అని ఆరా తీశాడు. పనిమనిషి ఎవరినీ ఏమీ అడక్కుండా ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో పడేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిగానే తగిలిందని తేల్చింది. వచ్చిన సలహాలన్నింటిలోనూ పిల్లాడి ఒంట్లోకి వెళ్ళనిది అదొక్కటే గనక నేను ఏమీ అనలేదు.

రాత్రి మా అమ్మాయి వీడియో కాల్‌లో కనబడింది. "అమ్మా, వాడి ముక్కేమిటి అలా మెరుస్తోంది?" అంది. తల్లి కన్నుకి పూనా నుంచి కూడా కనిపిస్తుంది కాబోలు. "లైటు వెలుగే" అన్నాను. నవలలు రాసేదాన్నేగాని అబద్ధం ఆడటంలో నాకు నేర్పు తక్కువ. ఆవిడ గారికి ఆ రాత్రి నిద్రలేదు. నాకు ఎలాగూ లేదు.

మంగళవారం పొద్దున్నే మావారు మందులషాపుకి వెళ్ళి, నారింజరంగు సిరప్ సీసా ఒకటి పట్టుకొచ్చారు. "చంటిపిల్లాడికి జలుబంటే ఇదే ఇచ్చాడు షాపు కుర్రాడు. అందరూ ఇదే పట్టికెళ్తున్నారట" అన్నారు. నేను కళ్ళజోడు పెట్టుకుని, సీసాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివాను. చీమల బారులాంటి అక్షరాల్లో ఉంది, నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందుల మీద ఈ హెచ్చరిక వెయ్యాలని మందుల నియంత్రణ శాఖవాళ్ళు 2023లోనే ఉత్తర్వు ఇచ్చారు. వాళ్ళు వేశారు. చదివేవాళ్ళేరీ?

నేను చదివానంటే నా తెలివి కాదు. అప్పటికి రెండు నెలల క్రితమే మధ్యప్రదేశ్‌లోని చింద్వారా జిల్లాలో దగ్గు మందు తాగి ఇరవై మందికి పైగా పసిపిల్లలు పోయారన్న వార్త చదివి ఉన్నాను. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. పిల్లల మూత్రపిండాలు పాడైపోయాయి. ఆ తల్లులు కూడా మావారిలాగే, పిల్లాడి దగ్గు తగ్గాలని చెంచాతో పోసినవాళ్ళే. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్యశాఖ డాక్టర్లకు చెప్పింది. ఇదంతా చెప్పేసరికి మావారు మారుమాట్లాడకుండా సీసా తీసుకుని షాపుకి తిరుగుముఖం పట్టారు. పాతికేళ్ళ కాపురంలో ఆయన నా మాట అంత త్వరగా వినడం అదే మొదలు.

పదిగంటలకి వీధి చివరి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నేను సలహాలన్నీ కాగితం మీద రాసుకుని మరీ పట్టుకెళ్ళాను. ఆవిడ నవ్వలేదు. కాగితం తీసుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చారు.

"ముక్కులో నూనె వద్దు. ఊపిరితిత్తుల్లోకి దిగితే అక్కడ వేరే జబ్బు మొదలవుతుంది. కర్పూరం అస్సలు వద్దు, పసిపిల్లలకి ఫిట్స్ తెప్పిస్తుంది. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. అందులో ఉండే ఒకరకం క్రిమి గింజలు పెద్దవాళ్ళని ఏమీ చెయ్యవుగాని, పసివాళ్ళ పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. పొగ వద్దు. వేడినీళ్ళ ఆవిరి వద్దు, ఒంటిమీద పడితే కాలుతుంది. యాంటీబయాటిక్ వద్దు, ఇది వైరస్. చీమిడి పచ్చగా వచ్చినా కంగారుపడి అడక్కండి."

"అరటిపండో?" అన్నాను.

"పెట్టండి" అన్నారు. పాలబ్బాయికి చెప్పాలి.

"మరి ఏం చెయ్యమంటారు?"

"ముక్కులో ఉప్పునీటి చుక్కలు. పాలకి ముందూ నిద్రకి ముందూ చెరో రెండు చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగి, మెత్తటి గుడ్డతో తుడవండి. పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి. జ్వరం వచ్చి చిరాకుపడితే బరువునిబట్టి పారాసెటమాల్ రాస్తున్నాను, ఇంత మాత్రమే. మిగతాది వారం పది రోజుల్లో అదే తగ్గుతుంది. ఒక్క రైనోవైరస్‌లోనే వందకు పైగా రకాలున్నాయండీ. ఈ వయసు పిల్లలకి ఏడాదికి ఆరేడు జలుబులు మామూలే."

ఇంత దూరం వచ్చి ఉప్పునీళ్ళు రాయించుకుని వెళ్ళడం మావారికి నచ్చలేదు. ఆవిడ అది కనిపెట్టినట్టున్నారు. కుర్చీ ముందుకు జరుపుకుని, "ఇప్పుడు అసలు మందు చెబుతాను. మీ దగ్గర సెకన్ల ముల్లున్న గడియారం ఉందా?" అన్నారు.

వాడు నెమ్మదిగా ఉన్నప్పుడు, పొట్ట పైకి లేచి దిగడం ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టాలట. రెండు నెలల లోపు పిల్లలకి నిమిషానికి 60, ఏడాది లోపు వాళ్ళకి 50, ఆపైన అయిదేళ్ళ దాకా 40. ఊపిరి ఆ లెక్కకి చేరినా, దాటినా, జలుబు గుండెల్లోకి దిగిందేమోనని డాక్టరుకి చూపించాలి. పల్లెల్లో ఆశా కార్యకర్తలకి నేర్పేదీ ఈ లెక్కే. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా, పెదాలు నీలంగా మారినా ఇక లెక్కలు కూడా వద్దు, ఏ వేళైనా సరే ఆస్పత్రికి పరుగెత్తాలి. మూత్రం తగ్గిందన్నా, జ్వరం మూడురోజులు దాటిందన్నా తీసుకురావాలి.

"జ్వరం మీదా ఏడుపు మీదా లెక్క ఎక్కువే వస్తుంది. కాస్త చల్లబడ్డాక మళ్ళీ చూడండి" అన్నారు చివర్న.

ఇంటికొచ్చాక మా అమ్మకీ నాకూ యుద్ధం మొదలైంది. నూనె దగ్గరా తేనె దగ్గరా వస్తుందనుకున్నాను. అక్కడ రాలేదు. డాక్టరమ్మ వద్దందంటే, "పోన్లే, మానెయ్యి" అనేసి ఉగ్గుగిన్నె తీసుకెళ్ళి వంటింట్లో బోర్లించేసింది. తగువంతా వాడి చొక్కా దగ్గరే. డిసెంబరు చలి, పైగా గోదావరి గాలి. నేను వాడికి బనీను, దానిమీద ఫుల్‌చేతుల చొక్కా, ఆపైన స్వెట్టరు, నెత్తిన కుచ్చు టోపీ పెట్టి, దుప్పటి చుట్టి పడుకోబెడతాను. ఇలా వెనక్కి తిరిగేసరికి మా అమ్మ దుప్పటి తీసేసి, స్వెట్టరు బొత్తాలు విప్పేసి, చొక్కా పైకెత్తి వాడి పొట్టవంక చూస్తూ కూర్చుంటుంది.

"అమ్మా! చలిగాలి కొడుతుంది."

"కొట్టదులే. కాసేపు చూడనీ."

"పొట్టలో ఏముందే చూడ్డానికి?"

"నీకు తెలీదులే" అంటుంది. నేను మళ్ళీ బొత్తాలు పెడతాను. గంటకోసారి ఆవిడ విప్పడం, నేను పెట్టడం. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. చాదస్తం పెరుగుతోందని మావారితో అన్నాను కూడా. పాపిష్టిదాన్ని, అన్నాను.

జలుబు మూడోరోజు ముదిరాక తగ్గుముఖం పడుతుందంటారు. ఆ మూడోరోజు రాత్రి వచ్చింది. పడుకునే ముందు పాలు సగం తాగాడు. ఒంటిగంటకి లేచి చూస్తే ఒళ్ళు కాలుతోంది. థర్మామీటరు పెడితే నూట రెండు. రాసిచ్చిన మందు చుక్క ఎక్కువా తక్కువా కాకుండా కొలిచి పట్టాను. ముక్కులో చుక్కలు వేసి తుడిచాను. వాడు ఏడవనైనా ఏడవటంలేదు, రొప్పుతున్నాడు. మావారు సెల్‌ఫోన్ గడియారం పట్టుకున్నారు, నేను లెక్కపెట్టాను. యాభై ఆరు.

యాభై ఆరు! ఆ అంకె వినగానే మావారు కారు తాళాలకోసం వెతకడం మొదలెట్టారు. తాళాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. నేను డాక్టరమ్మకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తారు. పిల్లల డాక్టర్లు నిద్రపోరేమో.

"పాలు తాగాడా?"

"సగం తాగాడండీ."

"పిలిస్తే చూస్తున్నాడా?"

"చూస్తున్నాడు."

"డొక్కలు లోపలికి పోతున్నాయా?"

నేను వాడి వంక చూశాను. పొట్ట పైకీ కిందకీ కదులుతోంది. డొక్కలు లోపలికి పోవడమంటే ఎలా ఉంటుందో నాకు తెలిస్తేగా? పోతున్నాయనిపించింది. లేదనీ అనిపించింది. నాకు నోట మాట రావటంలేదు. అప్పుడు మా అమ్మ, ఎప్పుడు లేచి వచ్చిందో, లైటు కింద వాడి చొక్కా మెడదాకా ఎత్తిపట్టి, వంగి, రెండు నిమిషాలు చూసింది.

"పోవటంలేదు. చెప్పు ఆవిడకి, డొక్కలు ఎగరెయ్యటంలేదని చెప్పు. నాకు తెలుసు" అంది.

అంత ఖచ్చితంగా మా అమ్మ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అదే మాట ఫోన్లో చెప్పాను. "సరే. జ్వరం దిగనివ్వండి. ముప్పావుగంట తర్వాత మళ్ళీ లెక్కపెట్టండి. యాభై లోపుకి దిగకపోతే తీసుకొచ్చెయ్యండి, నేను ఆస్పత్రికి వస్తాను. ఈలోపల డొక్కలు ఎగరేస్తే క్షణం ఆగొద్దు" అన్నారు.

ముప్పావుగంట. మా అమ్మ వాణ్ణి నిలువుగా భుజాన వేసుకుని కూర్చుంది. అలా ఎత్తుకుంటే వాడికి కాస్త ఊపిరాడింది.

"నీకెలా తెలుసే?" అన్నాను.

"మీ అన్నయ్య" అంది.

నాకు ముందు ఒక అన్నయ్య పుట్టి పోయాడని తెలుసు. ఎనిమిది నెలలవాడట, జలుబు చేసి పోయాడట. ఇంట్లో ఆ మాట అంతకంటే ముందుకి వెళ్ళేది కాదు. అమ్మ చీర చెంగుతో కళ్ళు తుడుచుకోవడం, నాన్న వీధిలోకి వెళ్ళిపోవడం. అడగటం మానేశాం.

"1974, సంక్రాంతి ముందు. నాకు ఇరవయ్యేళ్ళు. మనది లంక గ్రామం, పడవ దాటితేగాని రోడ్డెక్కలేం. వాడికి రొంప పట్టింది. మంచు కురుస్తోందని మీ మామ్మ తలుపులన్నీ వేయించింది. కుంపట్లో సాంబ్రాణీ వామూ వేసి గదంతా పొగపెట్టాం. ముక్కులో నూనె చుక్కలు వేశాం. తలకి గుడ్డ కట్టి, రెండు బొంతలు చుట్టి నా ఒళ్ళో పెట్టారు. మర్నాడు పాలు మానేశాడు. నిద్రపోతున్నాడు, పోన్లే, నిద్ర మంచిదే అనుకున్నాం. ఇంకా వెచ్చగా చుట్టాం. తెల్లవారుజామున గుడ్డలు మారుద్దామని విప్పితే..."

ఆవిడ ఒక చెయ్యి తీసి, అరచెయ్యి గుంటగా చేసి చూపించింది. మళ్ళీ ఆ చేత్తోనే బుజ్జిగాడి వీపు నిమిరింది.

"కొలిమితిత్తిలా ఎగరేస్తున్నాడు డొక్కలు. మీ నాన్న రేవుకి పరుగెత్తారు. మంచులో పడవ వెయ్యలేనన్నాడు పడవవాడు. పొద్దెక్కాక అవతలి గట్టుకి చేరాం. అంతే."

నేను ఏమీ అనలేకపోయాను.

"ఎవరినీ అనను. మీ మామ్మకి వాడంటే ప్రాణం. ఆ తర్వాత పదేళ్ళు బతికింది, సాంబ్రాణి ముట్టలేదు. అందరం మంచే చేశాం అనుకున్నాం. చెయ్యడంలో ఏ లోటూ చెయ్యలేదు. ఆ గుడ్డ ఒక్కటి విప్పి ఉంటే ముందురోజే చూసేదాన్ని."

నా చిన్నప్పుడు నాకు జలుబు చేసినప్పుడల్లా అమ్మ గౌను పైకెత్తి చూసేది. లోపలి బనీను తడిసిందేమోనని చూస్తోందనుకునేదాన్ని. నా పిల్లలకి చేసినప్పుడూ బొత్తాలు విప్పేది. అప్పుడూ విసుక్కున్నాను. యాభై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఎవరికి జలుబు చేసినా ఆవిడ ఆ ఒక్క తెల్లవారుజామునే మళ్ళీ చూస్తోందని నాకు తట్టనే లేదు. నా నవలల్లో ఎవరైనా దగ్గితే వాళ్ళకి ఒక కష్టం, ఒక కథ తప్పకుండా ఉంటాయి. మా అమ్మ బొత్తాలు విప్పితే మాత్రం అది చాదస్తం.

కొంతసేపటికి ఆవిడే అడిగింది. "ఆ డాక్టరమ్మ టీకాల కార్డు చూసి అన్నీ అయ్యాయంది కదా. దీనికీ ఉందా టీకా?"

"జలుబుకి లేదమ్మా. అది ముదిరి వచ్చే న్యుమోనియాకి ముఖ్యమైన క్రిములు కొన్ని ఉన్నాయి, అందులో న్యుమోకోకస్ అనేదానికి ఉంది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. వీడికి మూడూ అయ్యాయి."

"ఖరీదెక్కువేమో."

"ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. 2021 నుంచి దేశమంతా ఇస్తున్నారు."

"ఊరికేనా?" అంది. ఇంకేమీ అనలేదు. వాడి తల మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది.

రెండుంబావుకి మళ్ళీ లెక్కపెట్టాం. ఈసారి మావారు గడియారం చూస్తే, నేనూ అమ్మా ఇద్దరం లెక్కపెట్టాం. నాకు నలభై నాలుగు వచ్చింది. అమ్మకి నలభై మూడు. మావారు బ్యాంకు ఉద్యోగి గనక ఆ ఒకటి తేడా ఎక్కడొచ్చిందో చూద్దామని మళ్ళీ లెక్కపెట్టించారు. నలభై రెండు. ఒళ్ళు చెమట పట్టి చల్లబడింది. నాలుగింటికి లేచి మిగతా సగం పాలూ తాగేశాడు. డాక్టరమ్మకి ఫోన్ చేసి చెబితే, "హమ్మయ్య, పడుకోండి" అన్నారు. ఆవిడా మేలుకునే ఉన్నారన్నమాట.

ఆ తర్వాత నాలుగు రోజులు పెద్ద కథేమీ లేదు. ముక్కు కారింది, కాస్త దగ్గాడు, పాలు తాగాడు, ఫ్రిజ్ మీది నాలుగు కాగితాల్లో రెండు చింపాడు. నేను వాడికి ఒక పలచటి చొక్కా, దానిమీద ఒక స్వెట్టరు, ముందుకి బొత్తాలున్నది చూసి వేశాను. గంటకోసారి నేనే విప్పి, "అమ్మా, చూడు" అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "బాగానే ఉన్నాడు, పెట్టెయ్యి" అనేది.

ఎదురింటి పిన్నిగారితో ఇదంతా చెబితే, "అయితే ఏమీ చెయ్యలేదన్నమాట మీరు!" అన్నారు ఆశ్చర్యంగా. పసివాడికి ఒంట్లో బాగుండకపోతే మన చేతులు ఊరుకోవండీ. ఏదో ఒకటి రాయాలి, పొయ్యాలి, చుట్టాలి. ఆ చేతుల తొందర తీరడానికే సగం వైద్యాలు పుట్టాయేమో. మామూలు జలుబుకి పసివాడికి చెయ్యవలసింది చాలా తక్కువ. చూడవలసింది మాత్రం చాలా ఉంది, అదీ గుడ్డ విప్పి. నేనిది తెలుసుకోవడానికి ఒక డాక్టరమ్మా, ఒక సెకన్ల ముల్లూ, యాభై ఏళ్ళుగా మా అమ్మ ఒక్కతే మోసిన బరువూ కావలసి వచ్చాయి.

ఆదివారం మా అమ్మాయి వచ్చింది. గుమ్మంలోనే వాణ్ణి అందుకుని, చొక్కా సర్దబోయి, "ఇదేమిటమ్మా, బొత్తాలన్నీ ఊడిపోయాయి?" అంది. ఊడిపోక ఏం చేస్తాయి, రోజుకి ఇరవైసార్లు విప్పి పెడితే! కూర్చోబెట్టి అంతా చెప్పాను. గడియారం ముందు పెట్టి లెక్కపెట్టడం నేర్పాను. డొక్కల సంగతి మాత్రం వాళ్ళ అమ్మమ్మని చెప్పమన్నాను. మా అమ్మ తన అరచెయ్యి గుంటగా చేసి చూపించింది. ఈసారి ఆవిడ చెయ్యి వణకలేదు.

వాడు వెళ్ళిన మర్నాడు నేను తుమ్మాను.

సాయంత్రానికి ముక్కు దిబ్బడేసింది, ఒళ్ళునొప్పులు, రేపటికి ఇవ్వవలసిన సీరియల్ భాగం బల్లమీదే ఉండిపోయింది. దుప్పటి ముసుగుపెట్టి పడుకున్నాను. ఎవరో దుప్పటి లాగారు. కళ్ళు తెరిచి చూస్తే మా అమ్మ. చేతిలో పై వాటా మామ్మగారి ఉగ్గుగిన్నె, నిండా తేనె, మిరియాల పొడి.

"లే, నాకు. నీకు ఏడాది దాటిందిగా" అంది.

నాకాను. పడిశం తగ్గలేదు. వారం రోజులు ఉండవలసినన్నాళ్ళూ ఉండి పోయింది. తేనె మాత్రం చాలా బాగుంది.